నడి గుమ్మటం కింద కొలత

మా అక్క లక్ష్మీదుర్గ మొగుడు కూర్మారావు బావా, నేనూ పాత కట్టడాలు కొలిచి డ్రాయింగులు గీస్తాం. బరంపురంలో ఒకే ఇంట్లో ఉంటాం. టేపు కొస బావ పట్టుకుంటాడు, అంకె నేను చదువుతాను. ఆయన "పట్టీసేను" అని కేకేస్తేగాని చదవను. మా పనిలో ముందు కేక, తర్వాతే కొలత.

ఆ రోజు పురుషోత్తంపూర్ దాటాక, రుషికుల్య ఏటి ఒడ్డునున్న పాత మసీదుకి వెళ్లాం. గోల్కొండ ఏలుబడిలో కట్టారంటారు. ఆ చుట్టుపక్కల దాని పేరు తెలియనివాళ్లు లేరు. మూడు గుమ్మటాలు, మనిషి అడ్డంగా పడుకునేంత మందాన గోడలు. నడి గుమ్మటం గోడ మీద కూర్చునే చోట, లోపలివైపు చుట్టూ సన్నటి నడవా, దానికి ఎడమ గోడలోంచి మెట్లు. బెల్లమూ కరక్కాయ నీళ్లూ పోసి గానుగాడిన సున్నపు పూత ఇప్పటికీ నున్నగా ఉంది. అంత బాగా కట్టినవాళ్లని చూస్తే నాకు కాస్త అసూయ వేసింది.

మసీదు బాగోగులు చూసే ముతవల్లి బాగా పెద్దాయన. నడి గుమ్మటం కింద మనిషిని పేరుపెట్టి పిలవొద్దని, కావాలంటే చప్పట్లు కొట్టమని ఒడియాలో చెప్పారు. అత్తారింట్లో కూడా ఇన్ని ఆంక్షలు లేవని బావ నవ్వాడు. సాయంత్రం నమాజులోపు ముగించమని చెప్పి, నా ఫోను నంబరు తీసుకుని ఆయన బయటికి వెళ్లిపోయారు.

బావ టేపు కొస పట్టుకుని మెట్లెక్కాడు. నేను కిందే నిలబడ్డాను. బయట మబ్బు కమ్మి, లోపల వెలుగు తగ్గిపోయింది. తడిసిన సున్నం వాసన, పాత చాపల వాసన. ఎక్కడో నీటి చుక్క పడుతోంది. పైన టేపు ఎటు పోయిందో కనబడలేదు. కాసేపటికి అది బిగిసింది గాని, కేక రాలేదు.

చప్పట్ల సంగతి గుర్తే రాలేదు. అలవాటు కొద్దీ అరిచేశాను.

"కూర్మారావు బావా, పట్టేవా?"

"పట్టీసేను," అని ఎడమ వైపునుంచి వినిపించింది.

"పట్టీసేను," అని కుడి వైపునుంచి కూడా వినిపించింది.

ప్రతిధ్వనే అనుకున్నాను. కానీ రెండోదాని చివర చిన్న దగ్గు ఉంది... మొదటిదానికి లేదు.

గొంతు తగ్గించి అడిగాను, ఎటున్నావని.

"ఇటేరా ఫణీ. లైటు సూపించు, మెట్లు కానరాట్లేదు," అంది ఎడమవైపు గొంతు.

"ఆడెవడ్రా..." కుడివైపు గొంతు వణికింది. "నానిటున్నాను. ఆడికి లైటు సూపించకు..."

రెండూ మా బావ గొంతులే. ఎవరో ఒకరినే ఇంటికి తీసుకెళ్లాలి. తప్పు మనిషిని తీసుకెళితే అక్కకి ఏం చెప్పాలి? మెట్లు ఎడమవైపే కదా అనుకున్నాను. అంతకు మించి బుర్ర పనిచెయ్యలేదు. ఫోను లైటు అటు వేశాను.

బావ దిగి వచ్చాడు. చొక్కా నిండా సున్నం. చేతులు ఖాళీగా ఉన్నాయి. లైటు పైకి తిప్పి చూశాను. టేపు కుడివైపుకి పోయి, ఇంకా బిగిసే ఉంది. దాన్ని అక్కడే పడేసి బయటపడ్డాం.

దారంతా ఎడమవైపు మెట్లే గుర్తుచేసుకుంటూ, ఈయనే బావ అని నాకు నేను చెప్పుకున్నాను. ఇంటికి చేరగానే అక్క అన్నం పెట్టింది. బావ కంచం ముందు కూర్చుని కలపడం మొదలుపెట్టాడు. అప్పుడే నా ఫోను మోగింది.

ముతవల్లి. మీ మనిషిని పైనే వదిలేసి వెళ్లారేమిటని ఒడియాలో అడిగారు. నడవా మీద కూర్చుని ఏడుస్తున్నాడట. మీరొచ్చి పిలిస్తేగాని దిగనంటున్నాడట. ఆయన ఫోను పైకెత్తి పట్టుకున్నట్టున్నారు, దూరం నుంచి మా బావ గొంతు వినిపించింది.

"ఫణీ... మీ అక్కని ఆడి దగ్గిరికి ఎల్లనియ్యకురా..."

ఫోనెవరిదని అక్క అడిగింది. రాంగ్ నంబరన్నాను. ఆ మాట ఎందుకన్నానో నాకిప్పటికీ తెలియదు. లేచి అక్కని ఇవతలికి లాగాలనుకున్నాను గాని, ఫోను నేల మీద బోర్లించి అలాగే కూర్చున్నాను.

అక్క పులుసు గిన్నె తెచ్చి బావ పక్కనే కూర్చుంది. ఆయన అన్నం కలుపుతూనే ఉన్నాడు... ఇంకా ఒక్క ముద్ద కూడా నోట్లో పెట్టుకోలేదు.