కాళ్లు కడిగే బండ

బోథ్ ఊరు దాటాక, అడవి మొదలయ్యే చోట పాత గోరీలు కొన్ని ఉన్నాయి. ఎప్పుడో సర్కారు దండుతో వచ్చి, యుద్ధం మొహమైనా చూడకుండా జ్వరాలతో పోయిన సిపాయిలవి. పంపినవాళ్లు మళ్లీ వాళ్ల ఊసెత్తలేదు. ఊరివాళ్లకు అవి మేకలు పడుకునే చోటు, అంతే. గోరీల మీది నల్లబండలు మాత్రం నున్నగా, నిగనిగలాడుతూ ఉండేవి. అవే శ్రీధర్‌రావు కంట్లో పడ్డాయి.

శ్రీధర్‌రావుకు చచ్చినవాళ్లంటే లెక్క లేదు. బతికున్నవాళ్లంటే ఎంత లెక్కో ఆయన పొలంలో పనిచేసేవాళ్లను అడగాలి. ఎనభై మూడులో కొత్త ఇల్లు కడుతూ, ఎడ్లబండి తోలించి ఒక బండ తెప్పించాడు. రాతలున్న వైపు కిందికేసి, వాకిట్లో కాళ్లు కడుక్కునే చోట వేయించాడు. వచ్చిన ప్రతి చుట్టానికీ దాన్నే గొప్పగా చూపేవాడు.

"సర్కారు సిపాయి! మా ఇంటికొచ్చినోళ్ల కాళ్లు కడుగుతుండు," అని కడుపు పట్టుకుని నవ్వేవాడు.

భార్య తారాబాయికి ఆ నవ్వంటేనే రోత. చావుకు పోయొచ్చినవాళ్లు వాకిట్లోనే కాళ్లు కడుక్కునేది కాటి మైల గడప దాటకూడదని. గోరీ మీదే నిలబడి కడుక్కుంటే ఆ మైల ఎక్కడికి పోతుంది? ఇంత చిన్న సంగతి తెలియని మనిషికి అంత పెద్ద ఇల్లెందుకో!

కూతురు జానకి తొమ్మిదో నెలతో పుట్టింటికి వచ్చిన రోజు తారాబాయి బతిమాలింది.

"బిడ్డ కాన్పుకొచ్చింది. గిప్పుడన్న గా బండ తీపియ్యుండ్రి."

"సచ్చిన సిపాయికి భయపడుతవా? వానికోసం ఏడ్సెటోడే లేడు. నువ్వు ఫికర్ జేస్తున్నవా?"

శ్రావణంలో ఒక సాయంత్రం శ్రీధర్‌రావు తన దోస్తు తండ్రి చావుకు పోయి, దీపాలు పెట్టే వేళకు తిరిగొచ్చాడు. ముసురు. కరెంటు లేదు. తడిమట్టి వాసనలో పాత తోలు వాసన ఏదో కలిసి వస్తోంది. తారాబాయి కందిలి గడప మీద పెట్టి, బండ మీద నిలబడ్డ అతని కాళ్ల మీద దూరం నుంచే చెంబుతో నీళ్లు పోసింది.

నీళ్లు పక్కకు పారలేదు. బండ మీద నిలవనూ లేదు.

"ఇంక జర పొయ్యి," అన్నాడు.

పోసింది. బకెట్ సగమైంది. అయినా అతని పాదాలు పొడిగానే ఉన్నాయి... పాదాల మీది దుమ్ము కూడా కదల్లేదు. శ్రీధర్‌రావు నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"తారా..." గొంతు తగ్గించాడు. "కాలు లేస్తలేదే..."

అప్పుడే లోపలి గదిలోంచి జానకి నిద్రమత్తు గొంతుతో తల్లిని పిలిచింది.

"అవ్వా... ఎవల్నే లోపటికి పంపినవు? నా కాళ్లు కడుగుడు సాలని చెప్పు... నీళ్లు సల్లగున్నయి..."

శ్రీధర్‌రావు బండ మీద నిలబడి భార్య వైపు చెయ్యి చాపాడు. తారాబాయి ఆ చెయ్యి వైపు చూడనైనా చూడలేదు. చెంబు కింద పెట్టేసింది.

లోపల నీళ్లు పోస్తున్న చప్పుడు ఆగలేదు.