గాజుకి కట్టే రాఖీ

"ఇవి రాఖీలా, చెవి జుంకాలా?"

నాగదుర్గ అట్టపెట్టెలో మిగిలిన కుచ్చుల రాఖీని పైకెత్తి ఊపింది. పంకజ్ నవ్వాడు. బయట అమలాపురం మెయిన్ రోడ్డు శ్రావణమాసపు వానలో తడుస్తోంది.

నాగదుర్గ నాన్న జగ్గారావుది ఫ్యాన్సీ షాపు. పక్కనే పంకజ్ వాళ్ళ బట్టల కొట్టు. రాజస్థాన్ నుంచి వచ్చి పంకజ్ తాతగారు పెట్టిన కొట్టది. శ్రావణ పౌర్ణమి అంటే జంధ్యాలు మార్చుకునే రోజని మాత్రమే ఊరికి తెలిసిన కాలంలో, ఇరుగుపొరుగు మగపిల్లలకి రాఖీలు కట్టింది ఆ ఇంటి ఆడపిల్లలే. ఇప్పుడు కాలేజీ పిల్లలంతా ఎగబడి కొంటున్నారు. జగ్గారావుకి ఏటా హైదరాబాద్ నుంచి సరుకు తెప్పించి పెట్టేది పంకజే.

"అవి మావాళ్ళకి. వేరే పని ఉంది వాటితో," అన్నాడు.

"ఎవరూ అడగటంలేదు బాబూ. స్కూటర్ తాళాలకి బావుంటాయని అమ్మేశాను. ఇదే ఆఖరిది."

"అయ్యో! అది మాత్రం ఉంచు దుర్గా."

"దాని సంగతి సరే. ఆదివారం రాజోలు నుంచి నన్ను చూసుకోడానికి వస్తున్నారు. మీ నాయనమ్మతో మాట్లాడేవా?"

పంకజ్ నవ్వు మాయమైంది. "మాట్లాడతాను."

"ఎప్పుడు? నా పెళ్ళి భోజనాలప్పుడా?"

అతను వానలోకి దిగిపోయాడు. ఆ ఉక్రోషంలోనే నాగదుర్గ ఆ ఆఖరి కుచ్చుల రాఖీని పాలకేంద్రం సత్తిరాజుకి అమ్మేసింది.

తర్వాత పంకజ్ అటు తొంగి కూడా చూడలేదు.

పౌర్ణమి నాడు పొద్దున్నే పంకజ్ అక్క సుమన్ షాపు మెట్లెక్కింది. రాజమండ్రిలో కాపురం ఆవిడది. చేతిలో పళ్ళెం, అందులో కుంకం, అక్షింతలు, మిఠాయి, రుమాలు కప్పిన రాఖీ.

"దుర్గా, చెయ్యి చాపు."

నాగదుర్గ ఓ అడుగు వెనక్కి వేసింది. సుమన్ తనకి రాఖీ కడితే తను ఆ ఇంటి ఆడపిల్లే అవుతుంది. మరి పంకజ్ ఏమవుతాడు? కాదని చెప్పడానికి ఎంత మర్యాదైన దారి వెతికారు!

చెయ్యి వెనక్కి దాచుకుంది. "వద్దండి. గోరింటాకు పెట్టుకున్నానండి."

"ఏదీ?"

"పెట్టుకోబోతున్నానండి."

"ఏవిటే ఆ మారాం?" జగ్గారావు కసిరాడు. "అంత ప్రేమగా వస్తే!"

"నేను కట్టించుకోను నాన్నా! పంకజ్ నాకు అన్నయ్య కాడు!"

కూతురి కళ్ళలో నీళ్ళు చూసి జగ్గారావు స్టూలు మీద కూలబడ్డాడు. సుమన్ మాత్రం పకపకా నవ్వేసి రుమాలు తీసింది. కింద కుచ్చుల రాఖీ.

"పిచ్చిదానా, ఇది తోబుట్టువులకి కట్టేది కాదు. మా అన్నదమ్ముల భార్యల గాజుకి కడతాం. మా నాయనమ్మ రాత్రే ఒప్పుకుంది. కట్టి రమ్మని పంపించింది."

"కానీ... అవన్నీ అమ్మేశానండీ!"

"తెలుసు. మా తమ్ముడు రాత్రి సత్తిరాజు గారి స్కూటర్ తాళం దగ్గర నిలబడి బతిమాలుకున్నాడు."

జగ్గారావు గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, మా పిల్లకి చేపల పులుసు లేనిదే ముద్ద దిగదు. మీరు గుడ్డు కూడా ముట్టరు."

"పుట్టిల్లు పక్క గుమ్మమేగా బాబాయ్ గారూ. తినేసి రమ్మనండి."

"బయటూరి వాళ్ళకిచ్చేడని నలుగురూ..."

"మా తాతగారు పోయింది ఈ ఊళ్ళోనే, మేం పుట్టింది ఈ ఊళ్ళోనే. మీ షాపులో సగం ఊరికి రాఖీలమ్మేది మేం తెచ్చిన పండక్కేగా. ఇంకా బయటూరేంటండీ?"

జగ్గారావు కూతురి వైపు చూశాడు. "రాజోలు వాళ్ళకి రావద్దని కబురు పెట్టాలైతే," అన్నాడు నెమ్మదిగా.

నాగదుర్గ చెయ్యి చాపింది. కుచ్చులు గాజుకి వేలాడాయి. పెట్రోలు వాసన వేస్తున్నాయి.

"లోపలికి రారా!" సుమన్ కేకేసింది.

"ఆయ్!" చూరు కింద నుంచి పంకజ్ తడిసి ముద్దై వచ్చాడు. వెనకాలే సత్తిరాజు.

"అమ్మాయి గారూ, నా తాళానికి అలాంటిదే ఇంకోటి ఇవ్వండి."

"లేవండి," అంది నాగదుర్గ, గాజుని గుండెకి దగ్గరగా పట్టుకుని. "ఇక మీదట వాటిని తాళాలకి అమ్మమండి."