ఇసుకలో చిల్లర

నిడదవోలు జంక్షన్, రెండో ప్లాట్‌ఫాం. ఉదయం ఆరూ పది.

సత్యప్రసాద్ టీ గ్లాసు నోటి దాకా ఎత్తాడు కానీ తాగలేదు. వెనక నుంచి వచ్చిన సన్నటి నైలాన్ తాడు అతని మెడను చుట్టి బిగిసింది. గ్లాసు జారి పగిలింది.

పదడుగుల అవతల నెత్తిన చేపల బుట్టతో నిలబడిన మనిషి, బుట్ట విసిరేసి పరిగెత్తింది. ఆమె చేపలమ్మడానికి రాలేదు. రహస్య విభాగంలో ఏజెంట్ నైన్, పేరు లోవలక్ష్మి. సత్యప్రసాద్‌ని కారు దాకా క్షేమంగా చేర్చడం ఆ ఉదయం ఆమె డ్యూటీ. ఆ డ్యూటీ అప్పటికే తప్పిపోయింది. తాడు లాగుతున్నవాడు పోర్టర్ ఎర్రచొక్కా వేసుకున్నాడు. ఆమెను చూడగానే తాడు వదిలి కత్తి తీశాడు. మొదటి పోటు ఆమె భుజాన్ని చీల్చింది. రెండో పోటుకి అవకాశం రాలేదు. బుట్టలోంచి దొర్లిన కత్తిపీట ఆమె చేతికి అందింది. పండుగప్పల తలలు నరికే ఆ కత్తిపీట వాడి మణికట్టు దగ్గర కూడా మొహమాటపడలేదు. వాడు కేకేస్తూ వెనక్కి అడుగేశాడు. వెనక ప్లాట్‌ఫాం లేదు. పట్టాల మీద అప్పుడే షంటింగ్ ఇంజను వస్తోంది.

లోవలక్ష్మి అటు చూడలేదు. సత్యప్రసాద్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. అతని ఊపిరి ఆగిపోయింది. కుడిచెయ్యి మాత్రం పొడవాటి నల్లసంచీ పట్టీని ఇంకా వదలలేదు. ఇసుక అడుగున గుండుసూది ఉన్నా కనిపెట్టగలడని విభాగంలో అతనికి పేరు. ఆ సంచీలో ఉన్నది అతని మెటల్ డిటెక్టర్. దాన్ని వాడటం అతని దగ్గరే ఆమె వారం రోజులు నేర్చుకుంది. ఇక ఆ పని చేయగలిగిన మనిషి ఆమె ఒక్కతే.

కారులో కట్టు కట్టించుకుంటూ ఉండగా చీఫ్ పల్లంరాజు గారి ఫోన్ వచ్చింది. ఆయన ఓదార్పు మాటలు చెప్పే మనిషి కాదు. ‘నల్లకొంగ’ అనే విదేశీ ముఠా గోదావరి వంతెన స్తంభం మొదట్లో, ఇసుకలో బాంబు పాతిపెట్టిందన్నారు. నిడదవోలు వైపు నుంచి వచ్చే ప్యాసింజరు తొమ్మిదీ నలభైకి ఆ స్తంభం మీదికొస్తుంది. ముఠా నాయకుడు మార్కో ఎక్కడో దగ్గర్లో రిమోట్ పట్టుకుని కూర్చున్నాడు. రైలు ఆపినా, పోలీసులు కనబడినా వాడు వెంటనే నొక్కేస్తాడు. అప్పుడు వంతెన పై అంతస్తులో రోడ్డు మీద ఉన్న బస్సులు కూడా కూలతాయి.

ఆ ప్యాసింజరు లోవలక్ష్మికి బాగా తెలుసు. డిగ్రీ మూడేళ్ళూ అందులోనే రాజమండ్రి వెళ్ళింది. పూలబుట్టల వాళ్ళు, కాలేజీ పిల్లలు, కళ్ళాసుపత్రికి వెళ్ళే ముసలివాళ్ళు, తక్కువలో తక్కువ వెయ్యిమంది.

“హారతి అక్కడికొస్తుంది. మూడేళ్ళుగా ముఠాలో మన మనిషి. పదహారు నుంచి పద్దెనిమిది దాకా, ఈ మూడు స్తంభాల్లోనే ఒకటని కనిపెట్టింది తనే,” అన్నారు పల్లంరాజు గారు. “అమ్మా లోవలక్ష్మీ, సత్యప్రసాద్ కోసం సాయంత్రం ఏడుద్దాం.”

“అలాగే సార్.”

* * *

వేసవి కావడంతో గోదావరి ఒక పక్కకి ఒదిగిపోయి, మూడు స్తంభాల చుట్టూ తెల్లటి ఇసుకమేట తేలి ఉంది. ఎనిమిదింటికి చిట్టియ్య నాటుపడవ లోవలక్ష్మినీ హారతినీ అక్కడ దించింది. చిట్టియ్య యాభై ఏళ్ళ జాలరి. చేపలు పడని రోజుల్లో తాడుకి అయస్కాంతం కట్టి వంతెన కింద నీళ్ళలో చిల్లర లాగుతుంటాడు. వీళ్ళు ఇసుక సర్వే వాళ్ళని అతనికి చెప్పారు. కొత్త ర్యాంపు ఎప్పుడు తెరుస్తారని దారంతా అడుగుతూనే ఉన్నాడు.

సర్వే ఆఫీసరు వేషం హారతికి వేషంలా లేదు, పెళ్ళిచూపుల్లా ఉంది. ఉప్పాడ జరీ చీర, నల్లకళ్ళద్దాలు, చెవులకి ముత్యాల దుద్దులు. ఎండలో కూడా ఆమె పౌడరు చెదరలేదు. లోవలక్ష్మి భుజం కట్టు చూసి, అయ్యో పాపం అని ఒకటికి రెండుసార్లు అంది.

డిటెక్టర్ ఆన్ చేయగానే కయ్యిమంది. పదహారో స్తంభం దగ్గర ఎటు తిప్పినా కూతే. కడ్డీ చివరి గుండ్రటి కాయిల్‌ని కుడికి ఊపితే ఒకచోట కూస్తుంది, ఎడమకి ఊపితే అక్కడే నోరు మూసుకుంటుంది. నిజమైన వస్తువు రెండు వైపుల నుంచీ ఒకేచోట పలుకుతుందనీ, పలకకపోతే అది ఫాల్స్ సిగ్నల్ అనీ సత్యప్రసాద్ నేర్పాడు. ముందు నీ ఒంటినీ నీ మిషన్‌నీ అనుమానించు, నేలని ఆఖర్న అనుమానించు అని కూడా చెప్పాడు.

లోవలక్ష్మి అలాగే చేసింది. కాళ్ళ మెట్టెలు, చేతి గాజులు తీసి చిట్టియ్యకిచ్చింది. మొబైల్స్ ఆపించి పడవలో పెట్టించింది. వదులుగా వేలాడుతున్న కాయిల్ వైరుని కడ్డీకి బిగించి చుట్టింది. పైన రైలు కరెంటు తీగల ప్రభావం తగ్గేలా సెన్సిటివిటీ రెండు మెట్లు దించింది. కాయిల్‌ని ఎత్తి దించి, తడి ఇసుకకి తగ్గట్టు గ్రౌండ్ బ్యాలెన్స్ సరిచేసింది. కూతలు చాలావరకు తగ్గాయి. సన్నటి చిటపట మాత్రం మిగిలింది.

“ఇంకా రొదగానే ఉంది,” అంది హారతి. “డిస్క్రిమినేషన్ పెంచు లోవా. వంతెన రివెట్ల ఇనుమూ, చిల్లర నంబర్లూ మొత్తం కొట్టెయ్. గోదావరి నిండా చిల్లరే కదా, దాన్ని తవ్వుతూ కూర్చుంటే రైలు వెళ్ళిపోతుంది.”

మాటలో తప్పేం కనబడలేదు. అక్కర్లేని లోహాలని చెవిన పడనీయకపోవడమే డిస్క్రిమినేషన్ పని. ఒక్కో లోహానికి తెరమీద ఒక్కో నంబరు వస్తుంది. ఏ నంబరు వద్దనుకుంటే దానికి మిషన్ మూగైపోతుంది. లోవలక్ష్మి ఇనుముని కొట్టేసింది. చిల్లరని కొట్టేసింది. మిషన్ బుద్ధిమంతురాలైంది.

పదహారో స్తంభం చుట్టూ ఏమీ లేదు. పదిహేడు చుట్టూ ఏమీ లేదు. పద్దెనిమిది చుట్టూ రెండుసార్లు తిరిగినా చిటపట తప్ప ఏమీ లేదు. తొమ్మిదీ పదిహేను. భుజం నుంచి కారిన రక్తం మోచేతి దాకా వచ్చింది. మళ్ళీ పదహారుకి వెళ్దామంది హారతి.

అసలు మిషన్ బతికుందో లేదో చూద్దామని లోవలక్ష్మి డిస్క్రిమినేషన్ పూర్తిగా తీసేసింది. పద్దెనిమిదో స్తంభం మొదట్లో మిషన్ ఒక్కసారిగా గుక్కపట్టింది. కుడి నుంచీ ఎడమ నుంచీ అవే చోట్ల, అంతే గట్టిగా. చేత్తో గోకితే రెండు వేళ్ళ లోతులో ఐదు రూపాయల బిళ్ళ దొరికింది. పక్కనే ఇంకోటి. జానెడు దూరంలో ఇంకోటి.

“చెప్పాను కదా, చిల్లర,” అంది హారతి. “పద.”

చిట్టియ్య పగలబడి నవ్వాడు.

“ఇసక మీద డబ్బులెవరేస్తారండి మేడంగారూ? నీళ్ళు కనబడితేనే కదండీ గోదారమ్మకి దణ్ణం పెట్టి వేసేది? ఈ మేట మీదకొచ్చేసరికి కిటికీల్లో చేతులు లోపలికెళ్ళిపోతాయండి. నిరుడు వరదలో పడ్డయ్యంటారా, అయ్యి నిలువు లోతున ఉంటాయండి. ఇదేదో వేరుశనగ్గింజల్లాగ ఎవరో విత్తేశారండి.”

లోవలక్ష్మి చెయ్యి ఇసుకలో ఆగిపోయింది. డిగ్రీ మూడేళ్ళూ తను కూడా నీళ్ళు వచ్చేదాకా రూపాయి బిళ్ళ గుప్పిట్లోనే పట్టుకుని కూర్చునేది. ఈ సంగతి గోదావరి మనుషులెవరికీ ఒకరు చెప్పక్కర్లేదు. బిళ్ళలు చల్లినవాడు బయటివాడు. చిల్లర నంబరు వినబడకుండా చేస్తే దాని కింద ఉన్నది కూడా వినబడదని వాడికి తెలుసు. మరి చిల్లరని కొట్టెయ్యమన్నదెవరు?

చిటపట ఇంకా వస్తూనే ఉంది. లోవలక్ష్మి డిటెక్టర్‌ని నడుమెత్తున గాలిలో కదపకుండా పట్టుకుంది. కింద నేలతో పని లేకుండానే అది చిటపటలాడింది. అంటే శబ్దం ఇసుకలోంచి రావడంలేదు, గాలిలోంచి వస్తోంది. కరెంటు తీగలదైతే ఎటు తిప్పినా ఒకేలా ఉండాలి. ఆమె కాయిల్‌ని మెల్లిగా పక్కకి తిప్పింది. హారతి ఎడమ చెవి దుద్దు దగ్గరికి రాగానే చిటపట పిచ్చికూతైంది.

ట్రాన్స్‌మిటర్. మార్కో ఎక్కడున్నాడో గానీ, చూడటంలేదు, వింటున్నాడు. చూడగలిగితే ఈ దుద్దుతో పనుండదు. మేట మీద ఒక్క తేడా మాట పలికితే నొక్కేస్తాడు.

హారతి కళ్ళద్దాల వెనక ఏదో మారింది. నోరు తెరిచింది. ఆ నోటిలోకి లోవలక్ష్మి పిడికెడు ఇసుక కుక్కింది.

ఇద్దరూ కిందపడ్డారు. హారతి చీర కుచ్చిళ్ళలోంచి సైలెన్సర్ పిస్తోలు వచ్చింది. లోవలక్ష్మి డిటెక్టర్ కడ్డీతో ఆ చేతిని కొట్టింది. వేలి ఎముక పుటుక్కుమంది. పిస్తోలు ఎగిరిపడింది. హారతి మోకాలు ఆమె గాయం మీద దిగబడింది. కళ్ళు బైర్లు కమ్మాయి. హారతి గోళ్ళు ఆమె గొంతులోకి దిగుతున్నాయి. లోవలక్ష్మి తలతో ఆమె ముఖం మీద మోదింది. ఒకసారి. ఇంకోసారి. పౌడరు మీద రక్తం చారికలు కట్టింది. ఇంత జరుగుతున్నా ఒక్క కేక లేదు.

చిట్టియ్య కొయ్యబారి చూస్తున్నాడు. లోవలక్ష్మి ఒక చేత్తో హారతి నోరు అదిమిపట్టి, రెండో చేత్తో దుద్దు చూపించి, వాళ్ళు వింటున్నారని సైగ చేసింది. తర్వాత బోట్లో కబుర్లు చెబుతున్నట్టు నెమ్మదిగా అంది.

“ఇది కూడా ఫాల్స్ సిగ్నలే హారతిగారూ. ఇక్కడేం లేదు. చిట్టియ్యగారూ, ఇందాక పులసల సంగతేదో చెబుతున్నారు?”

చిట్టియ్య తెలివైనవాడు. హారతి కాళ్ళ మీద ఎక్కి కూర్చుని, తలపాగా గుడ్డతో ఆమె నోరు కట్టేస్తూ, పులస వండటానికి మట్టిదాక ఎందుకు మేలో గట్టిగా మొదలుపెట్టాడు. ఆమె తన్నినప్పుడల్లా బెండకాయల దగ్గర కొంచెం తడబడ్డాడంతే.

తొమ్మిదీ ముప్పై ఒకటి. లోవలక్ష్మి రెండు చేతులతో ఇసుక తోడింది. బిళ్ళల కింద మోచేతి లోతున ఇత్తడి డబ్బా తగిలింది. తెరమీద దాని నంబరూ బిళ్ళల నంబరూ ఒకటే. మూత మరలు ఆరు. తలలోంచి పిన్ను తీసి తిప్పింది. నెత్తుటితో వేళ్ళు జారుతున్నాయి. పైన ఇనుప దూలాలు సన్నగా వణికాయి. రైలు వంతెన ఎక్కింది.

ఆరో మర ఊడింది. లోపల మైనంలాంటి ముద్ద, దాంట్లో గుచ్చిన పెన్సిలంత డిటొనేటర్, దానికి చిన్న రిసీవరు. డిటొనేటర్ పిలక లాగితే మిగిలింది వట్టి ముద్దేనని సత్యప్రసాద్ గొంతు వినబడినట్టైంది. లాగింది. శక్తికొద్దీ నీళ్ళ వైపు విసిరింది. ఇంజను నీడ పద్దెనిమిదో స్తంభం మీద పడింది. మార్కో రిమోట్ నొక్కినట్టున్నాడు, డిటొనేటర్ గాల్లోనే టపాకాయలా పేలింది. రైలు చక్రాల మోతలో పైవాళ్ళెవరికీ ఆ చప్పుడు వినబడి ఉండదు.

మార్కోకి దుద్దులోంచి వినబడింది. మేటకి అవతల, పదిహేనో స్తంభం వెనక నీళ్ళలో ఆపి ఉంచిన లాంచీ గర్రుమంటూ మేట మీదికి దూసుకొచ్చింది. టోపీ పెట్టుకున్న మనిషి రైఫిలుతో ఇసుకలోకి దూకుతూనే కాల్చాడు. చిట్టియ్య చెవి తమ్మె ఎగిరిపోయింది. పులసల కథ అక్కడ ఆగింది. లోవలక్ష్మి తోడిపోసిన ఇసుక వెనకాల బోర్లా పడుకుని, ఇసుకలో వెతికి హారతి పిస్తోలు అందుకుంది. సైలెన్సర్ మూడుసార్లు దగ్గింది. మార్కో మోకాళ్ళ మీద కూలి, ముందుకి వంగి, ముఖం నీళ్ళలో పెట్టి ఉండిపోయాడు. గోదావరి అతని టోపీని ఒక్కదాన్నే ముందుకి తీసుకెళ్ళింది.

రైలు చివరి పెట్టె దాటిపోయింది.

పడవలో వెనక్కి వెళ్తూ చిట్టియ్య చెవికి తన కట్టులోంచే ఒక ముక్క చింపి కట్టింది లోవలక్ష్మి. హారతి చేతులు వల తాడుతో కట్టేసి ఉన్నాయి. నోటి గుడ్డ తీయగానే ఇసుకతో పాటు ఒక పన్ను ఉమ్మి, మూడేళ్ళ ప్లాన్ అనీ, పల్లంరాజు కూడా పట్టుకోలేదనీ, ఎక్కడ దొరికిపోయానో చెప్పమనీ అడిగింది.

లోవలక్ష్మి డిటెక్టర్‌ని మడిచి సంచీలో పెట్టింది.

“మీరెప్పుడూ కార్లోనే తిరిగారు కదండీ. ఒక్కసారి రైలెక్కి కిటికీ పక్కన కూర్చోవాల్సింది.”