అప్‌డేట్ చేయని నేరం

“డిటెక్టివ్ గారేనా అండీ? నన్ను ఇంట్లో బంధించారు.”

ఫోన్లో ఆడగొంతు. గట్టిగా మాట్లాడితే పక్కగదిలోకి వినపడుతుందన్న భయం ఆ గొంతులో తెలుస్తూనే ఉంది.

“తలుపుకి తాళం వేశారా తల్లీ?” అని అడిగింది డేగ.

“లేదండీ. బార్లా తీసే ఉంది.”

ఎదురుగా కూర్చున్న గుమస్తా కనుబొమలు ఎగరేశాడు. డేగ మాత్రం నవ్వలేదు. అడ్రసు చెప్పించుకుని, చెప్పులు వేసుకుని లేచింది.

ఆమెకు డేగ అన్న పేరు పోలీసులు పెట్టింది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఉండేది. లైను ఎక్కడ తెగిందో కుర్చీ కదలకుండా చెప్పేదని అక్కడివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. రిటైరయ్యాక తీగల బదులు మనుషుల మధ్య తెగినవి వెతకడం మొదలుపెట్టింది. గుమస్తా ఒకప్పుడు ప్లీడరు దగ్గర నిజంగానే గుమస్తా. ఒక కేసులో ఆమె పనితనం చూసి ప్లీడరుకు దండం పెట్టి వచ్చేశాడు. డేగ దగ్గినా అందులో ఏదో అంతరార్థం ఉంటుందని నమ్మే మనిషి.

ఆ ఇల్లు ఐదో అంతస్తులో ఉంది. లిఫ్టు తలుపు మీద ‘పనిచేయదు’ అని రాసిన అట్టముక్క దుమ్ము పట్టి పాతబడిపోయింది. ఐదంతస్తులూ ఎక్కేసరికి గుమస్తాకు ప్రాణం కళ్ళలోకి వచ్చింది.

తలుపు నిజంగానే తీసి ఉంది. లోపలి గదిలో పాతికేళ్ళ అమ్మాయి కుర్చీలో కూర్చుని ఉంది. కుడికాలికి తొడదాకా పిండికట్టు. ఆ కాలు ముందున్న పీట మీద చాపి ఉంది. పక్కనే బల్ల, బల్ల మీద కంప్యూటర్. కిటికీలోంచి ఎదురింటి గోడ తప్ప ఏమీ కనిపించదు.

“అన్నయ్య బండి మీద వెళ్తుంటే పడ్డామండీ,” అంది. “వాడికి గీత కూడా పడలేదు. నాకిలా అయింది. అప్పట్నించీ వీధి మొహం చూడలేదు. ఇదొక్కటే నాకు దారి.” కంప్యూటర్‌ని చూపించింది.

ఆమెది టైపు పని. వినికిడి లేనివాళ్ళ కోసం టీవీలో కింద అక్షరాలు వస్తాయి కదా, మనిషి మాట్లాడుతుండగానే అవి కొట్టడం. వేరే ఊళ్ళో ఒక సంస్థ ఆమెను ఉద్యోగంలోకి తీసుకుంటామంది. ఉండటానికి కింది అంతస్తులోనే గది ఇస్తామంది. ఒక్కటే మెలిక. వాళ్ళు చూస్తుండగా, వాళ్ళు పంపిన ప్రోగ్రాంలో కొట్టి చూపించాలి. అది ఫోన్లో అయ్యే పని కాదు.

“రెండుసార్లు పరీక్ష పెట్టారండీ. రెండుసార్లూ పొద్దున్నే లేచి చూసేసరికి కంప్యూటర్ రాత్రి అప్‌డేట్ అయి ఉంది. అన్నీ వచ్చాయి, నెట్‌వర్క్ మాత్రం రాలేదు. సాయంత్రానికి దానంతటదే వచ్చేసింది. అప్పటికి వచ్చి ఏం లాభం? రేపు మూడోసారి. ఇదే ఆఖరని చెప్పేశారు.”

“కంప్యూటర్లన్నాక అప్‌డేట్‌లకి మొరాయిస్తాయమ్మా,” అన్నాడు గుమస్తా.

“నేనూ అలాగే అనుకున్నానండీ. కానీ రెండో పరీక్ష కూడా పోయాక, పోయినవారం నేను మేలుకుని ఉండగానే ఒక అప్‌డేట్ అయింది. నెట్‌వర్క్ ఠంచనుగా వచ్చింది. పరీక్ష ఉన్నరోజే ఎందుకు రాదు?” కళ్ళు తుడుచుకుంది. “రెండోసారి పరీక్ష శుక్రవారం అన్నారు. బుధవారం సాయంత్రం ఫోన్ చేసి, మర్నాడే, గురువారమే అన్నారు. వదిన పుట్టింట్లో ఉంది. అన్నయ్య నన్ను మంచం మీదికి చేర్చి డ్యూటీకి బయల్దేరుతున్నాడు. నాకు గాభరా వేసి రాత్రి ఎంతకీ నిద్రపట్టక మాత్ర వేసుకున్నాను. తెల్లారి చూస్తే మళ్ళీ అదే.”

“ఎవరిమీద అనుమానం?”

ఆమె వంటింటి వైపు చూసింది. అక్కణ్ణించి గిన్నెల చప్పుడు కాస్త ఎక్కువగానే వస్తోంది.

“వదిన రోజూ అంటుందండీ, ఇంకెన్నాళ్ళే నీకీ కుర్చీ, వెళ్ళి నీ బతుకు నువ్వు చూసుకోవా అని.”

డేగ వంగి బల్ల కిందికి చూసింది. కంప్యూటర్ పెట్టె పిండికట్టుకు జానెడు దూరంలో ఉంది. దాని స్విచ్ మీద సీసామూత ఒకటి బోర్లించి టేపుతో అతికించారు.

“ఇదేమిటి?”

“ఓసారి కట్టు తగిలి ఆరిపోయిందండీ, కొట్టిందంతా పోయింది. అప్పుడు వదిన అతికించింది. నేను వంగలేను కదా, అందుకే అసలు ఆపనే ఆపను. పగలూ రాత్రీ అలా నడుస్తూనే ఉంటుంది.”

“తెరకి పాస్‌వర్డ్?”

“ఇంట్లోవాళ్ళ దగ్గర పాస్‌వర్డ్ ఏమిటండీ.”

తెర మూలన చిన్న అక్షరాల్లో ఒక గమనిక ఉంది. అప్‌డేట్ సిద్ధంగా ఉందనీ, రేపు తెల్లవారుజామున కంప్యూటర్ తిరిగి మొదలవుతుందనీ. ఆ టైము నువ్వు పెట్టావా అంటే లేదంది అమ్మాయి. అదే పెట్టుకుని ఉంటుందనుకుందట.

వంటింట్లో వదిన ప్రశ్నలకు తడుముకోకుండా జవాబులు చెప్పింది.

“అవునండీ, వెళ్ళమనే అంటాను. ఆ గదిలో కూర్చుని కూర్చుని అది గోడైపోతోంది. మొహం మీద అంటే కోపాలొస్తాయి. రానీండి. నా నోటికి భయపడి అయినా లేస్తుందని నా ఆశ.”

“రెండోసారి పరీక్ష ఏ రోజు జరగాలో మీకు తెలుసా?”

“శుక్రవారం. దాని పరీక్ష టైముకి ఉండాలని గురువారం రాత్రే వచ్చాను. వచ్చేసరికి అది మంచం మీద ఏడుస్తోంది, అంతా అయిపోయింది.”

కింద వీధిలో కంప్యూటర్లు బాగుచేసే కొట్టు ఉంది. ఆ మెకానిక్‌ను అందరూ స్క్రూడ్రైవర్ అంటారు. డేగను చూడగానే, గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, “నేనేం చెయ్యలేదండీ!” అన్నాడు.

“చేశారని ఎవరన్నారు?”

“రెండుసార్లూ నన్ను పిలిచారు. రెండుసార్లూ ఐదంతస్తులెక్కి వెళ్తే, అప్పటికే బాగైపోయింది, వెళ్ళిరా అన్నారు. నేను దాన్ని తాకనైనా తాకలేదు. మోకాళ్ళు మాత్రం నావి అరిగాయి.”

“అలా అన్నదెవరు?”

“వాళ్ళన్నయ్యేనండీ.”

వాళ్ళు పైకి వచ్చేసరికి అన్నయ్య నిద్రలేచాడు. పెద్ద వయసేమీ కాదు, ముప్పైరెండో ముప్పైమూడో ఉంటాయి. కళ్ళ కింద నల్లటి చారలు. ఊరికి నీళ్ళు తోడే పంపుహౌసులో ఆపరేటరు, రాత్రి డ్యూటీ. చెల్లెలికి తలగడ సర్దాడు, మంచినీళ్ళు ఇచ్చాడు, మాత్ర వేసుకుందో లేదో అడిగాడు.

“నాకు కంప్యూటర్ ఓనమాలు కూడా తెలీవండీ,” అన్నాడు డేగతో.

“పోనీ మీ పని చెప్పండి. రాత్రంతా నీళ్ళకి కాపలాయేనా?”

అతని మొహం విప్పారింది. “అంత తేలిక కాదండీ. మోటార్లన్నీ ఒక బోర్డు మీద ఉంటాయి. ఒక్కోదానికీ ఆటో, మాన్యువల్ అని రెండుంటాయి. కరెంటు పోయి వచ్చిందనుకోండి, ఆటోలో ఉన్నవి వాటంతట అవే లేస్తాయి. మాన్యువల్‌లో ఉన్నది మనం నొక్కేదాకా లేవదు. నడుస్తున్నప్పుడు చూస్తే మాత్రం రెండూ ఒకలాగే ఉంటాయి. కొత్తవాళ్ళు అక్కడే బోల్తాపడతారు.”

“బాగుంది. సరే, ఈ కంప్యూటర్‌ని ఓసారి ఆపి మళ్ళీ మొదలుపెడతాను.”

“వద్దండీ!” అన్నాడు అతను గబుక్కున. వెంటనే సర్దుకున్నాడు. “రేపు పరీక్ష కదా. శుభ్రంగా నడుస్తున్నదాన్ని కదపడం దేనికి?”

ఆ మాటా నిజమేనని గుమస్తాకు అనిపించింది. డేగ వినలేదు. అప్‌డేట్‌ను పక్కకు నెట్టి, కంప్యూటర్‌ను ఉన్నదున్నట్టుగా తిరిగి మొదలుపెట్టింది. తెర నల్లబడింది, మళ్ళీ వెలిగింది. అన్నీ వచ్చాయి. నెట్‌వర్క్ రాలేదు.

అమ్మాయి నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుంది. కుర్చీలోంచి లేవబోయి, కట్టు బరువుకు మళ్ళీ కూలబడింది. 

“కంగారుపడకు తల్లీ. దొరికింది,” అంది డేగ. “గుమస్తా గారూ, స్క్రూడ్రైవర్‌ని పైకి పిలవండి. పాపం, ఈసారి ఊరికే కాదని చెప్పండి.”

అందరూ ఆ గదిలోనే చేరారు. అమ్మాయి మరో గదికి రాలేదు మరి. వదిన చేతులు కొంగుకు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడింది. అన్నయ్య చెల్లెలి కుర్చీ వెనక నిలబడ్డాడు. స్క్రూడ్రైవర్ ఆయాసపడుతూ గోడకు ఆనుకున్నాడు.

“ముందు అప్‌డేట్ సంగతి,” అని మొదలుపెట్టింది డేగ. “పాపం, దానిమీద రెండుసార్లు నేరం మోపారు. ఇప్పుడు ఏ అప్‌డేటూ లేకుండానే నెట్‌వర్క్ పోయింది. చూశారుగా. మరి ఇన్నాళ్ళూ అప్‌డేట్ తర్వాతే ఎందుకు పోయింది? ఈ ఇంట్లో కంప్యూటర్‌ని ఎవరూ ఆపరు కాబట్టి. స్విచ్‌కి మూత అతికించి మరీ నడుపుతున్నారు. అది ఆగి లేచేది అప్‌డేట్ అప్పుడు మాత్రమే. పోయింది అప్‌డేట్ వల్ల కాదు, ఆగి లేవడం వల్ల.”

గుమస్తా తల ఊపాడు. అర్థమైనందుకు కాదు, ఆమె చెప్పింది కనక.

“కంప్యూటర్ లేచినప్పుడు నెట్‌వర్క్‌ని లేపే చిన్న ప్రోగ్రాం ఒకటుంటుంది. దానంతటది లేవాలంటే ఆటోమేటిక్‌లో ఉండాలి. ఎవరో మాన్యువల్‌కి మార్చారు. నడుస్తున్నంతసేపూ తేడా తెలీదు. ఆగి లేచినప్పుడే బయటపడుతుంది. ఎప్పుడో మార్చి, తెల్లవారుజామున అప్‌డేట్‌కి టైము పెట్టి వెళ్ళిపోతే చాలు. తెల్లారేసరికి మనిషి ఊరవతల ఉండొచ్చు.”

స్క్రూడ్రైవర్ ఒక అడుగు ముందుకేసి, ఆ ప్రోగ్రాం సంగతి తెరమీద తీసి చూశాడు. “మాన్యువల్‌లోనే ఉందండీ! నేను కాదు!”

“మీరు కాదు. పోయినవారం అప్‌డేట్ అయి నెట్‌వర్క్ చక్కగా వచ్చింది. అంటే ఈ ఉచ్చు ఆ తర్వాత పన్నింది. ఆ తర్వాత మీరు ఈ గడప తొక్కలేదు. ఇక మిగిలింది ఇంట్లోవాళ్ళు.”

“నేనేగా?” అంది వదిన. గొంతులో ఎప్పటి కారమే ఉంది, కళ్ళలో మాత్రం నీళ్ళున్నాయి. “అందరూ అనుకునేది నన్నేగా?”

“మీరు ఆమెని వెళ్ళమంటున్నారమ్మా. పొమ్మనేవాళ్ళు దారి మూయరు. పైగా రెండో పరీక్ష గురువారానికి మారినట్టు మీకు తెలీదు. ఆ సంగతి ఈ అమ్మాయి కాక ఇంకొక్కరికే తెలుసు. డ్యూటీకి బయల్దేరుతూ ఉన్నవాళ్ళకి.”

 అమ్మాయి వెనక్కి తిరిగి చూడటానికి ప్రయత్నించింది. కట్టు తిరగనివ్వలేదు.

“ఓనమాలు తెలీవన్నారు,” డేగ అన్నయ్య వైపు చూసింది. “ఆటో, మాన్యువల్ గురించి మీకంటే బాగా చెప్పినవాళ్ళని నేను చూడలేదు. ఒక్కసారి ఆ రెండు మాటలూ తెరమీద కనిపిస్తే చాలు, మిగతాది మీ చేతికి వచ్చినదే. రెండుసార్లూ సాయంత్రానికి బాగుచేసి, ఇతన్ని గుమ్మంలోంచే పంపేసింది మీరు. ఇందాక ఆపవద్దని అడ్డుపడింది మీరు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మీలాంటి దొంగనైతే మరీ కష్టం. దొంగతనం చేసిన చేత్తోనే మందు తాగిస్తారు కాబట్టి.”

అతను బుకాయించలేదు. కుర్చీ వీపును రెండు చేతులతో పట్టుకున్నాడు.

“ఆ రోజు బండి నడిపింది నేనండీ. నాకేం కాలేదు. కళ్ళు మూస్తే దాని కేకే వినిపిస్తుంది. ఊరు కాని ఊళ్ళో అది జారిపడితే ఎవరు లేపుతారు? నా ఎదురుగా ఉంటే చాలనుకున్నాను. ఎప్పుడూ కాదు, కాలు బాగయ్యేదాకా అనుకున్నాను.”

“బాగయ్యాక?” అంది అమ్మాయి, ముందుకే చూస్తూ.

అతను కుర్చీ వీపు వదిలేశాడు.

“నువ్వు ఆ రోజు బండి కావాలని పడెయ్యలేదు అన్నయ్యా. అందుకే నిన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఇది మాత్రం కావాలని చేశావు.” గుమ్మంలో ఉన్న వదిన వైపు చూసింది. “నీ వల్ల నేను వదినని దొంగ అనుకున్నాను.”

“అనుకుంటే అనుకున్నావులే,” అంది వదిన ముక్కు చీదుకుంటూ. “నా నోరు అలాంటిది.”

“ముందుకి రా అన్నయ్యా. నువ్వే సరిచెయ్యి. నేను చూస్తుండగా.”

అతను బల్ల దగ్గరకు వచ్చి, మాన్యువల్‌ను ఆటోమేటిక్‌కు మార్చాడు. అమ్మాయి వదినను పిలిచి స్విచ్ మీది మూత తీసేయమంది. కట్టు కిందినుంచి బయటికి కనిపిస్తున్న బొటనవేలితో ఆ స్విచ్ తనే నొక్కి ఆర్పింది, మళ్ళీ తనే నొక్కి వెలిగించింది. నెట్‌వర్క్ వచ్చింది. నమ్మకం చాలక ఇంకోసారి ఆర్పి వెలిగించింది. వచ్చింది.

మర్నాడు పరీక్ష జరిగింది. ఉద్యోగం వచ్చింది.

కట్టు విప్పి చేతికర్ర ఇచ్చిన తర్వాత, బయల్దేరే రోజున ఆమె డేగనూ గుమస్తానూ రమ్మంది. వీధిలో కారు ఆగి ఉంది. డిక్కీలో కంప్యూటర్ పెట్టె దుప్పటి చుట్టుకుని కూర్చుంది. స్క్రూడ్రైవర్ కొట్టు వదిలి వచ్చి నిలబడ్డాడు. లిఫ్టు ఇంకా పనిచేయడం లేదు. అన్నయ్య ఆమెను వీపున వేసుకుని ఐదంతస్తులూ దిగాడు. వెనకే వదిన సంచులు మోస్తూ, మెట్టు చూసుకో, మెట్టు చూసుకో అని మొగుణ్ణి కసురుతూ వచ్చింది.

వీధిలోకి వచ్చాక అమ్మాయి ఎండకు కళ్ళు చికిలించి, అటూ ఇటూ చాలాసేపు చూసింది.

“ఇక దించు,” అంది.

“కారుదాకా తీసుకెళ్తానే. దారంతా గులకరాళ్ళు.”

“దించు అన్నయ్యా.”

దించాడు. ఆమె కర్ర ఆనించి నిలబడింది, కొంచెం ఊగింది. అతని రెండు చేతులూ ఆమె భుజాలకు బెత్తెడు దూరంలో ఆగాయి, తాకలేదు. ఆమె కుంటుకుంటూ కారుదాకా వెళ్ళి, తలుపు తనే తీసుకుని, తనే వేసుకుంది.

కారు మలుపు తిరిగింది. అన్నయ్య చేతులు ఇంకా అలా చాపే ఉన్నాయి. వదిన వచ్చి వాటిని మెల్లగా కిందికి దించింది.