మొలొపో ఒడ్డున ఫుటి మాంసం

"చంపొద్దు. దాటనివ్వొద్దు. అంతే," అన్నాడు చీఫ్ మోదిసే.

ఏజెంట్ ఒటెంగ్ అద్దంలో చూసుకుంటూ పెట్టుడు గడ్డం అంటించుకున్నాడు. ఇవాళ అతను త్సాబాంగ్ ఒంటెల పార్కులో టూరిస్టులను ఇసుక దిబ్బల మీద తిప్పే గైడు.

"కొరియర్ ఎవరు సార్?"

"ఆడమనిషి. ఒకప్పుడు మన డిపార్ట్‌మెంటే. ఇప్పుడు టెర్మైట్ ముఠాకి అమ్ముడుపోయింది. ఆమె దగ్గరున్న చిప్ మొలొపో వాగు దాటిందంటే సరిహద్దులో మన రాడార్లన్నీ గుడ్డివైపోతాయి. కాపలా కుర్రాళ్లు ఒక్కరూ మిగలరు."

"పేరు?"

చీఫ్ కిటికీ వైపు తిరిగాడు. "సెరోవె ఊరి పిల్ల. వాళ్ల వంశానికి ఫుటి దైవం. ఎన్ని వేషాలైనా వేస్తుంది కానీ ఫుటిని నోట పెట్టదు. మధ్యాహ్నం అదే వండించు."

ఫుటి పొదల్లో తిరిగే చిన్న జింక. దాన్ని మొక్కే వంశం వాళ్లు ప్రాణం పోయినా తినరు. ఒటెంగ్ అద్దం ముందు నుంచి ఇటు తిరిగాడు. అతని భార్య మాసెగోదీ ఆ వంశమే. రెండేళ్ల కిందట డ్యూటీలో హెలికాప్టర్ కూలి కాలిపోయిందన్నారు. అతను మూసిన పెట్టెను పూడ్చి, ఏడాది పాటు చొక్కా చేతికి నల్లగుడ్డ కుట్టుకు తిరిగాడు.

ఆ రోజు టూరిస్టుల్లో జొహానెస్‌బర్గ్ టీచరమ్మలు కొందరు, లుసాకా మోడల్ మిస్ చిలేషె ఉన్నారు.

"గైడుగారూ, మీ ఒంటెకి నాకంటే పొగరెక్కువ," అంది మిస్ చిలేషె.

"అయినా మొహం దాచుకోదు మేడమ్. మీరేమో కళ్లజోడు తియ్యరు."

ఎండిన మొలొపో ఒడ్డున భోజనాలు పెట్టారు. టీచరమ్మలు వేళ్లు నాకుతూ తింటున్నారు. మిస్ చిలేషె పళ్లెం అందుకుని, "ఇదేం మాంసం?" అంది.

"ఫుటి."

ఆమె పళ్లేన్ని మెల్లగా ఇసుక మీద పెట్టింది. లేచి ఒంటెల దగ్గరికి నడిచింది. ఒటెంగ్ వెంట వెళ్లాడు.

"మంచి ఉపాయమే ఒటెంగ్," అంది. లుసాకా యాస పోయింది. కళ్లజోడు తీసింది. ముక్కు ఎవరిదో కానీ, కళ్లు మాసెగోవే.

"నీ పెట్టె మీద మట్టి పోశాను నేను," అన్నాడు అతను.

"విన్నాను. అంత ఏడుస్తావనుకోలేదు."

"ఒక్క మాట చెప్పి పోవాల్సింది."

"చెబితే పోనిచ్చేవాడివా? నాతో వచ్చెయ్. అవతల ఇల్లు చూసి పెట్టాను. ఇద్దరికీ."

ఒక్క క్షణం అతనికి నిజంగానే వెళ్లిపోవాలనిపించింది. ఆమె వంటింట్లో కూనిరాగం తీస్తుంటే వినాలనిపించింది. కానీ చెయ్యి బేడీల మీదకు పోయింది. ఆమె అది చూసింది. లిప్‌స్టిక్ పిస్టల్ అతనికి గురిపెట్టి, ఒక్క ఊపున ఒంటె ఎక్కి వాగులోకి తోలింది. అవతలి గట్టు మీద నల్ల జీప్ ఇంజన్ ఆన్ చేసుకుని సిద్ధంగా ఉంది.

పార్కు ఒంటెలకు ఒక అలవాటు నేర్పారు. గైడు విజిల్ వింటే ఎక్కడున్నా కూర్చుండిపోతాయి. ఒటెంగ్ విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. ఊపిరి రాలేదు. ఒంటె వాగు సగం దాటింది. రాడార్ల కింద కాపలా ఉన్న కుర్రాళ్లు గుర్తొచ్చారు. గట్టు ఎక్కబోతున్న ఒంటెను చూస్తూ ఊదాడు.

ఒంటె కూలబడింది. మాసెగో ఇసుకలో పడింది. పొదల మాటున చీఫ్ కాపు పెట్టిన సైనికులు ఆమెను పట్టుకున్నారు. చిప్ ఆమె లాకెట్లో దొరికింది. జీప్ వెనక్కి తిరిగి పారిపోయింది.

అతని పక్కనుంచి వెళ్తూ ఆమె ఆగింది. "గడ్డం నీకు బాగాలేదు."

అతను గడ్డం పీకేశాడు. అది అప్పటికే తడిసి ఉంది.

చెవిలో చీఫ్ గొంతు: "పేరు ముందే చెబితే వెళ్లేవాడివా?"

ఒటెంగ్ ఇయర్‌ఫోన్ తీసి మాంసం కుండలో పడేశాడు.

టీచరమ్మలు చప్పట్లు కొడుతున్నారు. పెద్దావిడ దగ్గరికొచ్చి, "భలే ఆడారు నాయనా. ఈ షో రోజూ ఉంటుందా?" అని అడిగింది.

"లేదమ్మా," అన్నాడు ఒటెంగ్. "రెండేళ్లకోసారి."