అడుగు రంగు

పాత బండి అసలు రంగు తెలుసుకోవాలంటే దాని ఒంటి మీద వెతికి లాభం లేదు. ఎవరి చెయ్యీ పడని చోట వెతకాలి. డిక్కీ కీళ్ల కింద, డాష్‌బోర్డు లోపల, వెనక సీటు పక్కన అట్ట చాటున. పైన ఎన్నిసార్లు రంగు మార్చినా అంత దూరం ఎవరూ వెళ్లరు. బద్ధకం అన్ని దేశాల పెయింటర్లకూ ఒకటే. ఒమాన్ దేశం అల్ హైల్‌లోని ఆ వర్క్‌షాపులో ఈ విద్య లింబాద్రికి తెలిసినంతగా ఇప్పుడు ఇంకెవరికీ తెలియదు. రెండేళ్ల కిందట ఒకడు ఉండేవాడు.

ఆ జూన్‌లో ఇబ్రి నుంచి ఛార్జర్ అనే కారొకటి వచ్చింది. 1970 నాటి అమెరికా బండి. ఖర్జూర తోటలో రేకుల షెడ్డు కింద ముప్పై ఏళ్లు కదలకుండా పడుండి, చివరికి రికవరీ వ్యాన్ ఎక్కింది. యజమాని సాలిం అనే ఒమానీ పెద్దమనిషి. తన తండ్రి కొన్న రోజున బండి ఏ రంగులో ఉందో అదే రంగు కావాలన్నాడు. బండేమో తెల్లగా ఉంది. ఆయనకు ఎర్రగా గుర్తు. వాళ్లన్నకు నల్లగా గుర్తట. జ్ఞాపకాన్ని నమ్ముకుని రంగు కలిపితే అంతే సంగతులు.

ఇంజన్ పక్కన బిగించిన చిన్న రేకు పలక మీద ఫ్యాక్టరీవాళ్లు కొట్టిన రంగు కోడ్ ఉంది. ఈ, ఎఫ్, ఎనిమిది. అంటే సన్నటి మెరుపున్న ముదురు ఆకుపచ్చ. కానీ యాభై ఏళ్లలో పలకలు కూడా చేతులు మారతాయి. పైగా కంప్యూటర్‌లో ఆ కోడ్ కొడితే మూడు రకాల పచ్చలు వచ్చాయి.

"నాలుగ్గంటలకు పెద్దాయన వస్తాడు. ఇదీ నీ రంగు అని నమూనా రేకు చేతిలో పెట్టాల," అన్నాడు ఫోర్‌మన్ మొయినుద్దీన్. కడప మనిషి. "రూముకు రావా? అన్నం తినవా?"

"మీరు పొండ్రి భాయ్. ఎండ నెత్తి మీదున్నప్పుడే రంగు సక్కగ కనవడ్తది."

జూన్ వచ్చిందంటే పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా ఎండ సెలవు. అందరూ వెళ్లిపోయారు. సగం దించిన షట్టర్ కింద నుంచి వెలుగు ఒక చారగా లోపలికి వస్తోంది. మిగతా అంతా నీడ, థిన్నర్ వాసన. రెండేళ్లుగా ఈ వేళప్పుడు లింబాద్రి ఇక్కడ ఒంటరిగా ఉన్నది లేదు. ఏదో ఒక సాకు చెప్పి బయటపడేవాడు. ఇవాళ కుదరలేదు.

ఫోన్ మోగింది. యాదవ్వ. అతను ఎత్తలేదు. ఇవాళ ఎందుకు చేస్తోందో అతనికి తెలుసు. ఇస్తారి పోయి సరిగ్గా రెండేళ్లు.

యాదవ్వ మొగుడు ఇస్తారిది ఆర్మూరు దగ్గర లింబాద్రికి పక్క ఊరే. రంగుల కన్ను నిజానికి వాడిది. కలిపిన రంగు చుక్కను ఎడమ బొటనగోటి మీద పెట్టుకుని, ఎండలో బండికి ఆనించి, ఇంకో రెండు చుక్కల నలుపు అనేవాడు. అంతే, కలిసిపోయేది. ఆ బొటనవేలి మీద అడ్డంగా ఒక గాటు ఉండేది, డబ్బా అంచు కోసిన గాటు. పని అయిపోయాక డబ్బా మూతను కర్రతో మూడేసి దెబ్బలు కొట్టి బిగించేవాడు. టక్ టక్ టక్. కాసేపు ఆగి మళ్లీ టక్ టక్ టక్.

ఆ రోజు దుమ్ముగాలి. ఎండ సెలవు వేళ, మిగతావాళ్లంతా రూముకు వెళ్లిపోయారు. రంగు కొట్టే మూసిన గది, అంటే బూత్‌లో ఇస్తారి ఒక బండి బానెట్‌కు ఆఖరి పూత కొడుతున్నాడు. థిన్నర్ ఆవిరిని బయటికి తోసే ఫ్యాన్, చిరిగిన ఫిల్టర్ లోంచి దుమ్మును లోపలికి లాగుతోంది. తడి పూత మీద దుమ్ము పడితే పని మొత్తం మళ్లీ మొదటికే. "ఐదు నిమిషాలు ఫ్యాన్ బంద్ చేస్త, కానియ్యి," అన్నాడు లింబాద్రి. గాలికి తలుపు ఊరికే తెరుచుకుంటోంది. అందుకని బయట గడియ పెట్టాడు. పెయింటర్లందరూ చేసే పనే. అప్పుడే ఇంటి నుంచి వీడియో కాల్. కూతురు శ్రీవాణి పుట్టినరోజు. కొత్త గౌను తిప్పి తిప్పి చూపిస్తూ మధ్యలో అడిగింది, ఆ సప్పుడేంది నాయినా అని.

"మీ ఇస్తారి కాక డబ్బ మూత కొడ్తున్నడు బిడ్డా," అని నవ్వాడు లింబాద్రి.

మాటల్లో నలభై నిమిషాలు గడిచాయి. చప్పుడు ఎప్పుడు ఆగిందో అతను గమనించలేదు.

తరవాత చేసింది తలుచుకుంటే అతనికి ఇప్పటికీ తన మీద తనకే అసహ్యం. ముందు గడియ తీశాడు, ఆ తరవాతే అరిచాడు. ఫ్యాన్ ఇస్తారే ఆపుకున్నాడని, తను రూమ్‌లో అన్నం తింటున్నానని అందరికీ చెప్పాడు. వారం తరవాత గడియ ఊడదీసి, చిల్లులు పుట్టీతో పూడ్చి, నున్నగా రుద్ది రంగు కొట్టాడు. చెయ్యి పెట్టి తడిమినా తెలియనంత బాగా కొట్టాడు. యాదవ్వ ఫోన్‌లో అడిగింది ఒక్కటే. "ఎవర్నీ పిలువలేదా అన్నా?" లేదు చెల్లె అన్నాడు. అప్పటి నుంచి నెలకోసారి అదే మాట అడుగుతోంది. అతను అదే అబద్ధం చెబుతున్నాడు.

లింబాద్రి ఎమరీ కాగితంతో బండి తలుపు మూల రూపాయంత మేర రుద్దాడు. వలయాలు బయటపడ్డాయి. తెలుపు, దాని కింద ఎరుపు, దాని కింద నలుపు, అన్నిటికీ అడుగున సన్నని పచ్చ గీత. పలక అబద్ధం చెప్పలేదు. ఇక మూడు పచ్చల్లో ఏదో తేలాలి. వెనక సీటు పక్క అట్టకున్న మరలు తుప్పుతో బిగుసుకుపోయాయి. ఫ్యాక్టరీ బిగించాక వాటిని తిప్పినవాళ్లు లేరు. చెమటలు కక్కుతూ విప్పి, లోపలికి వంగి టార్చ్ వేశాడు.

పచ్చ. నిన్ననే కొట్టినంత తాజాగా ఉంది.

దాని మధ్యలో ఒక వేలిముద్ర. రంగు తడిగా ఉన్నప్పుడు ఎవరో ఎడమ బొటనవేలు ఆనించిన ముద్ర. యాభై ఏళ్ల కిందట అమెరికాలో ఏ పనివాడిదో అనుకున్నాడు. టార్చ్ దగ్గరికి జరిపాడు.

ముద్ర మీద అడ్డంగా గాటు ఉంది.

అప్పుడు ఫ్యాన్ ఆగింది. అది ఆగాకే తెలిసింది, ఇంతసేపూ తిరుగుతూనే ఉందని. బూత్ ఫ్యాన్... అతను వేయలేదు. ఇంకెవరూ లేరు. షెడ్డంతా నిశ్శబ్దం. తడి పూత వాసన ముక్కుకు తగిలింది. ఇవాళ ఎవరూ రంగు కొట్టలేదు.

టక్ టక్ టక్.

లింబాద్రి టార్చ్ ఆర్పి చెవి ఒగ్గాడు.

టక్ టక్ టక్... బూత్ తలుపు అవతల నుంచి. నెమ్మదిగా. ఓపికగా.

పారిపోదామనుకున్నాడు. ఆ రోజు విని వెళ్లలేదు, ఇవాళ కూడా వెళ్లకపోతే ఇక తను మనిషే కాదనిపించింది. కాళ్లు ఈడ్చుకుంటూ వెళ్లాడు. పుట్టీ పెట్టి పూడ్చిన చోట గడియ ఉంది. వేసి ఉంది. ఇనుము చల్లగా తగిలింది.

"అన్నా..." గుసగుసగా లోపల్నుంచి. "ఐదు నిమిషాలైందా?"

గడియ లాగాడు. తలుపు తెరుచుకుంది. లోపల ఎవరూ లేరు. కొక్కేనికి ఒక నమూనా రేకు వేలాడుతోంది. ఆకుపచ్చ.

నాలుగ్గంటలకు సాలిం ఆ రేకును ఎండలో బండి లోపలి రంగు పక్కన పెట్టి చూశాడు. రెంటికీ తేడా లేదు. పెద్దాయన కళ్లు తుడుచుకున్నాడు. "నువ్వు మామూలోడివి కాదు లింబాద్రీ," అని మొయినుద్దీన్ అతని భుజం తట్టాడు. ఆ రంగు తను కలపలేదని లింబాద్రి చెప్పలేకపోయాడు. బూత్ తలుపు వంక చూశాడు. నున్నగా ఉంది. గడియ లేదు.

పొద్దుగూకే వేళ రూమ్ డాబా మీదికి వెళ్లి యాదవ్వకు ఫోన్ చేశాడు. బాగున్నవా అని కూడా అడగలేదు.

"చెల్లె, ఆ దినం ఫ్యాన్ బంద్ చేసింది నేను. బయట గడియ పెట్టింది నేను. వాడు తలుపు కొట్టిండు. నేను విన్న."



"కొట్టిండని నాకు ఎర్కనే అన్నా," అంది యాదవ్వ. "శవం పెట్టె తెరిచినప్పుడు చెయ్యి పట్టుకున్న. వేళ్ల కణుపులన్ని కమిలి ఉన్నయి. గంతగనం కొడితె విన్నోళ్లు ఒక్కరన్న ఉంటరనుకున్న. అందుకే నిన్ను అడుగుకుంట వచ్చిన."

లింబాద్రి గోడకానుకుని కూలబడ్డాడు. "నన్ను తిట్టు చెల్లె," అన్నాడు. ఏడుపు ఆగలేదు. ఆమె తిట్టలేదు.

"డ్యూటీల ఉన్నవా అన్నా?"

"లే. రూము డాబ మీద. ఒక్కన్నే ఉన్న."

"మరి ఆ సప్పుడేంది? డబ్బ మూత కొడ్తున్నట్టున్నది. మూడేసి సార్లు."

లింబాద్రి ఫోన్ చెవి నుంచి తీసి విన్నాడు. ఆరేసిన లుంగీలు గాలికి కదులుతున్నాయి. ఇంకే చప్పుడూ లేదు. ఫోన్ మళ్లీ చెవికి పెట్టుకున్నాడు.

"ఇంకా కొడ్తనే ఉన్నడన్నా," అంది యాదవ్వ మెల్లగా. "పోయి తలుపు తియ్యి."