జవాబు రాకపోతే

ఆ ఇంట్లో తాగుడు మానమని ఎవరూ ఒట్టు వేయించుకోరు. రోడ్డు మీద పడి ఉండే తాగుబోతులకు ముందు ఓ గది, ఓ మంచం ఇస్తారు, మిగతా సంగతి మెల్లిగా. నడిపే ఆవిణ్ణి ముసలివాళ్ళు కూడా అక్కా అనే పిలుస్తారు. గదులకు లోపల గడియలుండవు. ఒకప్పుడు ఎవరో గడియ పెట్టుకుని లోపలే పోయాడట, వాసన వచ్చేదాకా ఎవరికీ తెలియలేదట. అప్పట్నుంచి ఓ అలవాటు పెట్టారు. దీపాలు వెలిగే వేళకి ప్రతివాడూ పక్కగది గోడ మీద రెండుసార్లు తట్టాలి. అవతలివాడు తిరిగి తట్టాలి. జవాబు రాకపోతే, తట్టినవాడే వెళ్ళి తలుపు తీసి చూడాలి.

ఆ ఇంట్లో చేరిన మేస్త్రీకి ఈ అలవాటు తెగ నచ్చింది. ఫుట్‌పాత్ మీద ఉన్నన్నేళ్ళూ, ఉన్నావా పోయావా అని అడిగిన పాపాన పోలేదు ఎవరూ. పక్కనున్న చివరి గదిలో డ్రైవర్ బాబాయ్ ఉండేవాడు. ఒక కాలు లేదు, చేతికర్రతోనే గోడ తట్టేవాడు. ఓ రోజు ఆ బాబాయ్ కన్నుమూశాడు. గదికి తాళం వేశారు.

మర్నాడు సాయంత్రం అదే గోడ మీద... టక్, టక్.

 మేస్త్రీ ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు, జవాబివ్వలేదు. కాసేపటికి వరండాలో కర్ర చప్పుడు. బాబాయ్ కాలి కట్టుకు రాసే మందు వాసన. తలుపు పిడి మెల్లిగా తిరిగింది.

"మేస్త్రీ... ఉన్నావా?"

గొంతులో కోపం లేదు, ఎప్పటి ఆప్యాయతే. దానికే ఎక్కువ భయం వేసింది.

"ఉన్నా బాబాయ్..."

కర్ర వెనక్కి వెళ్ళిపోయింది.

అక్కకి చెబితే దగ్గరికొచ్చి వాసన చూసింది. "ఇవాళ ఎంత పట్టించావు?" అంది. తాగుబోతు మాట ఎవరు నమ్ముతారు? పారిపోదామంటే మళ్ళీ ఫుట్‌పాతే. పైగా కూతురు వస్తానంది, ఇన్నేళ్ళకి. "నీకంటూ ఓ గది ఉండి, నువ్వు నీ కాళ్ళ మీద నిలబడితే వస్తా నాన్నా" అంది. ఆ ఒక్క మాట కోసం సీసా ముట్టడం మానేశాడు. పొద్దు వాలేసరికి ఎక్కడున్నా గదికి పరుగెత్తుకొచ్చి, గోడకి జవాబిచ్చేవాడు. జవాబందితే బాబాయ్ తన గదిలోనే ఉండేవాడు. కట్టేసిన గొడ్డు బతుకైపోయింది మేస్త్రీది.

కూతురు వచ్చింది. మంచం మీద దుప్పటి సవరించి, "శుభ్రంగానే ఉంచుకున్నావే" అని నవ్వింది. మేస్త్రీకి కడుపు నిండిపోయింది. టీ తాగుతూ ఇంటి అలవాట్లన్నీ చెప్పుకొచ్చాడు, గోడ సంగతితో సహా. బాబాయ్ పోయిన సంగతి ఒక్కటే చెప్పలేదు. ఆ సంబరంలో పొద్దు చూసుకోలేదు.

టక్, టక్.

అతను లేచేలోపే కూతురు చెయ్యి చాపి తట్టేసింది. "పాపం, నీ గురించి కనుక్కుంటున్నారు నాన్నా. ఎవరు?"

 మేస్త్రీ ఆమె రెక్క పట్టుకుని తీసుకెళ్ళి బస్సెక్కించాడు. "ఏంటి, తరిమేస్తున్నావు?" అంటూ ఆమె చిన్నబుచ్చుకుంది.

మర్నాడు సాయంత్రం గోడ మోగింది. మేస్త్రీ తట్టాడు. మళ్ళీ మోగింది. పిడికిలితో గుద్దాడు.

"ఉన్నా బాబాయ్... నేనే..."

గోడ ఊరుకుంది. ఇది నిన్న జవాబిచ్చిన కూతురి చెయ్యి కాదని బాబాయ్‌కి తెలిసిపోయిందేమో. కర్ర వరండాలోకి వచ్చింది. అతని తలుపు దగ్గర ఆగలేదు. మెట్లు దిగింది... మెల్లిగా... ఒక్కొక్కటే. కింద గేటు కిర్రుమంది.

మేస్త్రీ ఒక్క ఉదుటున వెళ్ళి తలుపు తోశాడు. రాలేదు. గడియే లేని తలుపు, అవతల ఎవరో పట్టుకున్నట్టు బిగుసుకుపోయింది. "అక్కా" అని అరిచాడు. ఎవరూ పలకలేదు. కూతురికి ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్ళీ మళ్ళీ చేశాడు. బాగా చీకటి పడ్డాక ఎత్తింది.

"వంటలో ఉన్నా నాన్నా. ఉండు, ఎవరో తలుపు తడుతున్నారు."

"తియ్యకమ్మా... లోపల్నుంచే ఉన్నానని చెప్పు. అంతే చాలు. తియ్యకు."



"మళ్ళీ మొదలెట్టావా నాన్నా?" అంది నీరసంగా.

గడియ తీసిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు... ఆమె ఊపిరి కూడా లేదు.

మేస్త్రీ ఫోన్ చెవికి అదుముకుని నిలబడ్డాడు. చాలాసేపటికి అవతల ఎవరో ఫోన్ మీద గోటితో తట్టారు.

టక్, టక్.

తట్టింది కూతురో, బాబాయో. జవాబిస్తే తట్టినవాళ్ళు అక్కడే ఉండిపోతారు, ఇవ్వకపోతే ఇక్కడికొస్తారు. జవాబివ్వడానికి ఎత్తిన మేస్త్రీ వేలు గాలిలోనే ఆగిపోయింది.